దొరసాని దిగుతుంది, మొండిది ఎక్కుతుంది

మూడో అంతస్తు, లిఫ్టు పనిచేయని ఇల్లు

వదినా,

ఈ ఉత్తరం మొదలుపెట్టాక ఇప్పటికి ఎన్నిసార్లు లేచానో. పెట్టె సర్దాను, మళ్ళీ విప్పాను. ఫోను చేయొచ్చు కదా అంటారు. ఫోనులో మనిద్దరం బాగున్నాం, బాగున్నాం అనుకుని పెట్టేస్తాం. ఇది అలా చెప్పే సంగతి కాదు.

నన్ను పై క్యాంపుకు పంపిస్తున్నారు. అవును, మీ తమ్ముడు గార్డుగా ఉన్న చోటికే. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన ఒక్కసారి రమ్మనని, నేను ఒక్కసారి అడగని ఆ పార్కును ఇప్పుడు మా ఆఫీసువాళ్ళు జీపు పెట్టి చూపిస్తారట.

నా పని గురించి ఎప్పుడు చెప్పినా మీరు ఆవులించారు. ఈసారి కాస్త ఓపిక పట్టండి. పార్కులో దారుల పక్కన చెట్లకు కెమెరాలు కడతారు. జంతువు ముందు నుంచి వెళ్తే వాటంతట అవే ఫొటో తీస్తాయి. ఆ ఫొటోలు నా బల్ల మీదికి వస్తాయి. మచ్చలు చూసి ఏది ఏ చిరుతో చెప్పడం నా ఉద్యోగం. ఒకదాని మచ్చలు ఇంకోదానికి ఉండవు. పైగా ఒకే చిరుతకు ఎడమ పక్క ఒకలా, కుడి పక్క ఇంకోలా ఉంటాయి. అందుకే దారికి అటూ ఇటూ ఎదురెదురుగా రెండు కెమెరాలు కట్టాలి. మీ తమ్ముడి దగ్గర మాత్రం ఎప్పుడూ ఒకటే పనిచేస్తుంది. రెండోదాన్ని ఒకసారి కోతులు పీకాయంటారు, ఒకసారి వానకు తడిసిందంటారు, ఒకసారి ఎలుగుబంటి కొరికిందంటారు.

ఆ ఒక్క కెమెరాలో ఇన్నేళ్ళుగా రెండు చిరుతలు కనిపిస్తున్నాయి. ఒకటి ఎప్పుడూ కొండ దిగుతూ ఉంటుంది, ఎడమ పక్క చూపిస్తూ. దానికి దొరసాని అని పేరు పెట్టుకున్నాను. ఇంకోటి ఎప్పుడూ ఎక్కుతూ ఉంటుంది, కుడి పక్క చూపిస్తూ. అది మొండిది. ఈ రెండూ ఒకటే కాదు కదా అని కొత్తగా వచ్చిన ఆఫీసరు అడిగారు. నాకా అనుమానం ఎప్పుడూ రాలేదా అంటే, వచ్చింది. వచ్చినప్పుడల్లా లేచి వెళ్ళి టీ తాగి వచ్చాను.

ఎందుకో చెబుతాను. పై లోయలో రెండు ఉంటేనే క్యాంపు ఉంచుతారు. ఒకటే అయితే ఎత్తేసి మీ తమ్ముడిని ఇక్కడి ఆఫీసుకు మార్చేస్తారు. ఒకటైతే ఆయన ఇంటికి వస్తారు, రెండైతే రారు. అది తేల్చి రమ్మని నన్నే పంపుతున్నారు. నేను ఆయన భార్యనన్న సంగతి కొత్త ఆఫీసరుకు తెలియదు. తెలిసినవాళ్ళు నవ్వుకుని ఊరుకున్నారు.

కొండ ఎక్కే బూట్లు ఒక జత పంపండి. నా సైజు ఆరో, ఏడో. తొందరగా.

మీ మరదలు

*

చెప్పుల షాపు, కౌంటరు వెనక

మరదలా,

నీ ఉత్తరం చదువుతుంటే నాకే కూర్చోబుద్ధి కాలేదు. గిరాకీ ఉన్నా రెండుసార్లు చదివాను.

ముందు బూట్ల సంగతి. ఆరో ఏడో అంటే అది బస్టాండులో కొనేవాళ్ళ మాట. ఇంత చదువుకున్నదానివి, సొంత వదినకు చెప్పుల షాపు ఉన్నదానివి, అలా రాయడానికి సిగ్గు లేదూ? తెల్లకాగితం మీద పాదం ఆనించి చుట్టూ పెన్సిలుతో గీసి పంపు. రెండు పాదాలూ గీయి. ఏ మనిషికీ రెండు పాదాలూ ఒక్కలా ఉండవు, ఒకటి కాస్త పెద్దగా ఉంటుంది. నా దగ్గర కొత్తగా చేరినవాళ్ళందరూ ఒక్క పాదమే కొలిచి నా చేత చీవాట్లు తింటారు. నువ్వు తినకు.

చిరుతల కథ ఈసారి ఆవులించకుండానే చదివాను. దిగేది ఎక్కదు, ఎక్కేది దిగదు. బాగానే ఉంది. మరి అలా ఎక్కుతూ పోయేది ఎక్కడికి పోతోందే? పైన ఏమైనా మేడ కట్టుకుందా?

వాడి సంగతి నాకు తెలిసినంత నీకు తెలియదని నువ్వు ఎప్పుడూ దెప్పుతావు. నాకు తెలిసినవాడు చిన్నవాడు. కాలుగాలిన పిల్లి. కంచం ముందు కూర్చుంటే సగంలో లేచి వీధి చివరిదాకా పరుగెత్తి వచ్చి మిగతాది తినేవాడు. నోరు మూతపడేది కాదు. వాడి కబుర్లు భరించలేక మా అమ్మ చెవుల్లో దూది పెట్టుకున్న రోజులున్నాయి. నీ ఇంట్లో ఉన్న నోట్లో నాలుక లేని మొగుడు ఎవరో నాకు తెలియదు, నిజంగా.

వాడు నాకు రాసే ఉత్తరాలంటావా, అడుగు అరిగింది మార్చు, మడమ ఊడింది కుట్టు, అంతే. అంతకు మించి నన్నేమీ అడగకు. అడగాల్సినవి వాడినే అడుగు, వెళ్తున్నావుగా.

కొత్త బూట్లతో నేరుగా కొండ ఎక్కకు. ఇంట్లో మేడమెట్లు ఎక్కి దిగు. మీ లిఫ్టు ఎలాగూ పనిచేయదు.

నీ వదిన

*

పార్కు గేటు, అతిథి గది

వదినా,

బూట్లు అందాయి. ఎడమది పాదానికి పోతపోసినట్టుంది. కుడిది నొక్కుతోంది. తప్పు మీది కాదు. ఎడమ పాదం గీస్తుండగానే జీపు ఒక రోజు ముందే వస్తోందని ఆఫీసు నుంచి కబురు వచ్చింది. ఆ కంగారులో ఒక్కటే గీసి పంపాను. తిట్టుకోండి.

రైలు దిగి బస్సు, బస్సు దిగి జీపు. ఊళ్ళు అయిపోయాక పొలాలు, అవీ అయిపోయాక రాళ్ళు. ఇంత రాయి ఒక్కచోట ఉంటుందని నేను అనుకోలేదు. దారి కొండ అంచున పోతుంది. ఒక పక్క చెయ్యి చాపితే బండ తగులుతుంది, రెండో పక్క చూడకపోవడమే మంచిది. అడుగున ఎక్కడో ఏరు ఉందట, చప్పుడు మాత్రం వినిపించింది. ఫొటోల్లో ఈ చప్పుడు ఎప్పుడూ లేదు. ఇన్నేళ్ళుగా ఈ లోయ నాకు కొట్టినపిండి అనుకుంటున్నాను, దీన్ని నేను చూడనే లేదు.

ఇప్పుడు అసలు సంగతి. జీపు డ్రైవరు మాటకారి. నేనెవరో తెలుసుకుని సంబరపడ్డాడు. దారిలో కబుర్లు చెబుతూ, సారుకు కొండంటే ప్రాణమమ్మా, టౌనుకు బదిలీ ఇస్తామని రెండుసార్లు కాగితం వస్తే రెండుసార్లూ వద్దన్నారు కదా, మీకు తెలియనిదేముంది అన్నాడు. నేను తెలుసు అన్నట్టు తలూపాను. ఆ తర్వాత అతను ఏం చెప్పాడో నాకు గుర్తు లేదు.

ఆయన ప్రతి సెలవుకూ వచ్చి, బదిలీ అడిగాను, ఇవ్వడం లేదు అని చెప్పి వెళ్ళేవారు. పాపం అనుకునేదాన్ని. బదిలీల ఆఫీసులో తెలిసినవాళ్ళెవరైనా ఉన్నారేమోనని నలుగురిని బతిమాలాను. నా తల కొట్టేసినట్టుంది వదినా.

నన్నేమీ అడగకు అని రాశారు మీరు. ఎందుకలా రాశారో ఇప్పుడు అర్థమవుతోంది. అయినా అడుగుతున్నాను. మీకు తెలుసా?

ఇక్కడ ఫోను పలకదు. వారానికోసారి సరుకుల జీపు పైకి వెళ్తుంది, ఉత్తరాలు అందులోనే. రేపు నేనూ అందులోనే వెళ్తున్నాను. జవాబు ముక్కుసూటిగా రాయండి.

మరదలు

*

షాపు

మరదలా,

తెలుసు.

రెండుసార్లూ తెలుసు. మొదటిసారి వాడే రాశాడు, అక్కా, దానికి చెప్పకు, నేనే చెబుతాను అని. సరేలే అనుకున్నాను. రెండోసారి కూడా అదే మాట రాస్తే, బూట్ల పార్సిలులో చీటీ పెట్టి చెడామడా తిట్టాను. బూట్లు వేసుకున్నాడు, చీటీకి మాత్రం జవాబు లేదు.

నీకెందుకు చెప్పలేదంటావు. చెప్తే ఏమయ్యేది? నువ్వు వాడిని అడిగేదానివి, వాడు లేచి వీధిలోకి పోయేవాడు, నువ్వు నా దగ్గరికి వచ్చి ఏడ్చేదానివి. అటు వాడు, ఇటు నువ్వు. అడుగుకూ పైతోలుకూ మధ్య జిగురులా ఇన్నేళ్ళు నేను అతుక్కుని ఉన్నాను. జిగురుకు నొప్పి ఉండదని మీ ఇద్దరి నమ్మకం. ఉత్తరాలు నాకు రాస్తాడు, నీ కబురు నన్ను అడుగుతాడు. నువ్వూ అంతే, వాడు ఎలా ఉన్నాడో నన్నే అడుగుతావు. నేను షాపు నడుపుతున్నానా, పోస్టాఫీసు నడుపుతున్నానా? విసుగొచ్చేసింది నాకు.

కోపం వస్తే తెచ్చుకో. కానీ ఒక్క మాట చెబుతాను, చింపేయకుండా చదువు. వాడు మీ ఊళ్ళో ఆఫీసు కుర్చీలో కూర్చుంటే ఏడాది తిరక్కుండా వాడిపోతాడు. వాడిని పెంచినదాన్ని, నాకు తెలుసు. ఆ చిరుతలు ఒకటైతే ఏంటి, రెండైతే ఏంటి? రెండు అని రాసెయ్యి. ఎవరి సొమ్ము పోయింది? ఇన్నేళ్ళూ రాశావు, ఇంకో ఏడాది రాస్తే నీ కలం అరిగిపోదు.

కుడి పాదం గీయలేదా. మచ్చలు రెండు పక్కలా చూడాలని నాకు పాఠం చెప్పింది ఎవరమ్మా? కుడి బూటులో లేసు కింది రెండు రంధ్రాలకు వేయకుండా వదిలెయ్యి, కాస్త సడలుతుంది.

వదిన

*

పై క్యాంపు

వదినా,

మీ ఉత్తరం చింపలేదు. మడిచి పెట్టెలో అడుగున పెట్టాను. మళ్ళీ తీశాను. కోపం తగ్గాక రాద్దామనుకున్నాను. అది తగ్గలేదు, జీపు మాత్రం వచ్చేసింది.

ఇక్కడ రెండు రాతి గదులు, ఒక నీళ్ళ పీపా, ఒక వైర్‌లెస్ సెట్టు. మీ తమ్ముడితో పాటు ఇద్దరు గార్డులు. నేను జీపు దిగగానే ఆయన ముఖంలో రంగు పోయింది. వచ్చావా అన్నారు. వచ్చాను అన్నాను. మా సంసారం మొత్తం ఈ రెండు మాటల్లో ఉంది.

కానీ మర్నాడు పొద్దున్న కొండ మీదికి తీసుకెళ్ళారు చూడండి, ఆ మనిషి ఎవరో నాకు తెలియదు వదినా. మాటలు. ఆగని మాటలు. ఈ బండ ఎర్రగా ఎందుకుందో, ఆ చరియ కిందటి వానల్లో ఎలా విరిగిపడిందో. అడుగు మోపడానికి చోటు లేని గోడ మీద కొండమేకలు పిల్లల్ని వెంటేసుకుని నడుస్తుంటే, వాటిలో ముసలిది ఏదో, తగవులమారి ఏదో వరసపెట్టి చెప్పారు. పుట్టను పెళ్ళగిస్తున్న ఎలుగుబంటిని చూపించి అది చీమల్ని ఎలా పీలుస్తుందో నోటితో చప్పుడు చేసి మరీ వినిపించారు. గార్డులిద్దరూ పడీ పడీ నవ్వారు. రాబందులు మా కాళ్ళ కింద ఎగురుతున్నాయి. పైనుంచి రాబందు వీపు చూడడం నా జన్మలో అదే మొదలు. నేను నోరు తెరుచుకుని చూశాను. చూస్తూనే కుళ్ళిపోయాను.

ఇంట్లో ఉండే మనిషి కుళాయి బాగుచేస్తాడు, పడుకుంటాడు, గుమ్మం నుంచి కిటికీకి, కిటికీ నుంచి గుమ్మానికి నడుస్తాడు. ఆయన స్వభావమే అంత అని సరిపెట్టుకున్నాను. పిల్లలు కూడా లేకపోయిరి, వాళ్ళ వంకనైనా మాట్లాడుకోవడానికి. తీరా చూస్తే ఈయన దగ్గర బోలెడన్ని మాటలున్నాయి. నాకే పెట్టలేదు. ఇంకో ఆడమనిషి ఉందని తెలిసినా ఇంత బాధపడేదాన్ని కాదేమో. కొండతో ఎవరు పోట్లాడతారు?

ఇంకోటి. నిన్న పొడి తువ్వాలు కోసం ఆయన మంచం కింద వెతుకుతుంటే మీ షాపు అట్టపెట్టె దొరికింది, మూత మీద మీ చేతిరాత. తెరిస్తే కెమెరా. కోతులు పీకింది కాదు, వానకు తడిసింది కాదు. గుడ్డలో చుట్టి, తేమ తగలకుండా ఉప్పు మూట పెట్టి, పసిపిల్లలా పడుకోబెట్టారు. బొత్తాం నొక్కితే దీపం వెలిగింది.

మళ్ళీ ఎక్కడి పెట్టె అక్కడే పెట్టాను. ఇంకా అడగలేదు. అడిగితే తర్వాత మాట నేను మాట్లాడాలి కదా, అది నాకు దొరకలేదు. చిరుతను నా కళ్ళతో చూసేదాకా నోరు విప్పను. రోజూ పొద్దున్నే ఏటి మడుగుకు ఎదురుగా బండ మీద కూర్చుంటున్నాం. అది రావడం లేదు. కాళ్ళు తిమ్మిరెక్కి లేస్తాను, నాలుగడుగులు వేస్తాను, మళ్ళీ కూర్చుంటాను. కుడి మడమ మీద పెద్ద బొబ్బ.

రెండు అని రాసెయ్యమన్నారు. ఎవరో ఒక్క పాదమే కొలిచి రెండూ కొలిచానంటే మీరు షాపులో ఉంచుకుంటారా?

మరదలు

*

షాపు, మూసే ముందు

మరదలా,

అట్టపెట్టె నాదే, అందులో నేను పంపింది బూట్లు. ఖాళీ పెట్టెలో వాడు కెమెరా పెట్టుకుంటాడో, పాముపిల్లను పెట్టుకుంటాడో నాకెలా తెలుస్తుంది? ఆ దొంగతనంలో నాకు వాటా అంటగట్టకు. బదిలీ సంగతి దాచాను, ఒప్పుకున్నాను. కెమెరా సంగతి నువ్వు రాస్తేనే తెలిసింది. చదవగానే అరికాలి మంట నెత్తికెక్కింది. మొగుడు పెళ్ళాన్ని మోసం చేయడం విన్నాను, పెళ్ళాం ఉద్యోగాన్ని మోసం చేయడం ఇక్కడే చూస్తున్నాను.

షాపులో ఉంచుకుంటారా అని అడిగావు. ఉంచుకోను. అది రాసి నా నోరు మూయించావు. బాగుంది.

అయినా నా మనసు ఊరుకోవడం లేదు. నిన్న ఒక జతకు బదులు వేరే జత కట్టి ఇచ్చేశాను. గిరాకీ వెనక్కి తెచ్చి ముఖాన కొట్టింది. నువ్వు ఒకటి అని రాస్తే వాడు నీ మీద కోపంతో ఇంటికి వస్తాడు. రెండు అని రాస్తే నువ్వు వాడి మీద కోపంతో ఇంటికి వస్తావు. ఏది రాసినా ఇద్దరిలో ఒకరు నా దగ్గర కూర్చుని ఏడుస్తారు.

నిన్నొకటి అడుగుతాను. వాడు ఇంటికి రావాలని ఒకటి అని రాస్తావా, అది ఒకటే కాబట్టి రాస్తావా? ముందు నీకు నువ్వు తేల్చుకో. నాకు చెప్పక్కర్లేదు.

బొబ్బ చిదమకు. మెత్తటి గుడ్డ చుట్టు.

వదిన

*

గేటు, అతిథి గది

వదినా,

కిందికి వచ్చేశాను. బూట్లు విప్పి, మంచం మీద కాళ్ళు చాపుకుని రాస్తున్నాను.

పొద్దున్న ఎండ బండ మీదికి వచ్చే వేళకు అది వచ్చింది. మా ఎదుటి చరియ మీద, మడుగు వైపు దిగుతూ. బైనాక్యులర్లు ఎత్తగానే ఎడమ భుజం మీద నేను ఫొటోల్లో గుర్తుపట్టే మూడు మచ్చలు కనిపించాయి, పొయ్యి రాళ్ళలా పక్కపక్కన. దొరసాని. ఫొటోలో అది కదలదు కదా. ఇక్కడ ప్రతి అడుగుకూ చర్మం కింద భుజం లేస్తోంది, దిగుతోంది. మడుగు దగ్గర కూర్చుని, ఎవరికీ బాకీ లేనట్టు చాలాసేపు నీళ్ళు తాగింది.

ఇంతలో పైనుంచి ఎక్కడో రాయి దొర్లింది. అది తల ఎత్తింది, వెనక్కి తిరిగింది, వచ్చిన దారినే పైకి ఎక్కడం మొదలుపెట్టింది. ఇప్పుడు కుడి పక్క మా వైపు ఉంది. తొడ మీద తెగిన గొలుసులాంటి మచ్చల వరస. మొండిది. దిగుతూ వచ్చింది దొరసాని, ఎక్కుతూ పోయింది మొండిది. నా కళ్ళ ముందు అది ఒక్కసారి తిరిగింది, అంతే, ఇన్నేళ్ళ నా లెక్క పోయింది.

పక్కకు చూస్తే మీ తమ్ముడు చిరుతను చూడడం లేదు. నన్ను చూస్తున్నారు.

"ఒకటే," అన్నాను.

"ఒకటే," అన్నారు.

ఎప్పటి నుంచి తెలుసని అడిగాను. మొదటి ఏడాది నుంచే తెలుసట. కెమెరా తనే తీసేశారట. అంతవరకు నేను కోపంగానే ఉన్నాను, ఆ తర్వాత అడిగింది మాత్రం కోపంతో కాదు. క్యాంపు నిలబెట్టుకోవడానికా, ఇంటికి రాకుండా ఉండడానికా అని అడిగాను. ఆయన బూటుతో ఒక రాయిని బండ అంచుదాకా తోశారు.

"ఇంటికొస్తే నాకు మాటలు రావు," అన్నారు. "గోడల మధ్య ఏం చెప్పాలో తెలియదు. నేను కట్టిన కెమెరాలో పడింది నీ బల్ల మీదికి వస్తుంది, నువ్వు పట్టి పట్టి చూస్తావు. రోజూ నీకు ఏదో ఒకటి చెబుతున్నట్టే ఉండేది. అది చాలనుకున్నాను."

"నాకు చాలలేదు," అన్నాను.

అప్పుడు ఏడ్చాను వదినా. దాచుకోలేదు. బండ మీద కూర్చుని చిన్నపిల్లలా ఏడ్చాను. ఆయన ఓదార్చలేదు, అది ఆయనకు రాదు. నేను కుంటుతున్నానని మాత్రం గమనించినట్టున్నారు. ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుని నా కుడి బూటు విప్పారు. బొబ్బ చితికిపోయి ఉంది. ఆ పాదాన్ని చేతిలో పెట్టుకుని మొదటిసారి చూస్తున్నట్టు చూశారు. కుడిది కాస్త పెద్దదా అని అడిగారు. మీ అక్కకు కూడా తెలియదు అన్నాను.

ఒకటి అని రాస్తానని ఆయనతోనే చెప్పాను. రాయి అన్నారు. వద్దని బతిమాలి ఉంటే పోట్లాడేదాన్ని. రాయి అనేసరికి నాకు ఏం చేయాలో తోచలేదు. మీరు అడిగినదానికి జవాబు ఇది: ఆయన ఇంటికి రావాలనే కోరిక నాలో చావలేదు, కానీ ఆ కోరిక కోసం రాయలేదు. ఆ జంతువును నేను పూర్తిగా చూశాను. చూశాక ఇంకోలా రాయలేను.

ఒకటి అని రాసి గేటు ఆఫీసులో ఇచ్చేశాను. ఆయన నన్ను జీపు దాకా దింపి పైకి వెళ్ళిపోయారు. వెనక్కి తిరిగి చూశారో లేదో, నేను చూడలేదు.

మరదలు

*

షాపు

మరదలా,

నువ్వు ఊరు చేరావని మీ పక్కింటావిడ ఫోనులో చెప్పింది. నువ్వు రాయలేదు, నేనూ రాయలేదు. నేను అలిగాను, నిజం చెబుతున్నాను. వాడి కొండను నువ్వు లాగేసుకున్నావని నాలుగు రోజులు నీ మీద పళ్ళు నూరాను. ఆ తర్వాత నీ ఉత్తరం మళ్ళీ తీసి చదివాను, అది చాలనుకున్నాను అని వాడన్న చోట ఆగిపోయాను. నా తమ్ముడు అంత పొడుగు మాట మాట్లాడాడంటే అది నువ్వు ఎక్కబట్టే. నేను ఇన్నేళ్ళు బూట్లు కుట్టి పంపాను కానీ ఒక్కసారైనా వెళ్ళి చూశానా? నా కోపం పోయింది. నీది ఉంటే ఉండనీ.

వాడి దగ్గర నుంచి నాకు ఉత్తరం వచ్చింది. వానలకు ముందే క్యాంపు ఎత్తేస్తున్నారట. ఎలా ఉన్నాడో, ఏం చేస్తాడో ఒక్క ముక్క లేదు. ఉన్నదల్లా ఇది: "అక్కా, దాని పాదం కొలత రాసి పంపు. కొండ బూట్లు ఇంకో జత కావాలి."

నేనేం రాశానో చెబుతాను. నా దగ్గర ఎడమ పాదం ఒక్కటే ఉంది, కుడి పాదం సంగతి దాన్నే అడుగు అని రాశాను. ఆ కింద ఇంకో మాట కూడా రాశాను. ఇకనుంచి మీ ఇద్దరి మధ్య కబుర్లు నా షాపు మీదుగా వెళ్ళవు, బూట్లు మాత్రమే వెళ్తాయి అని.

రాసి పోస్టులో వేశాక మళ్ళీ డబ్బా దాకా వెళ్ళి వచ్చాను. ఎక్కువ మాటలు అన్నానేమో. వాడు అడగకపోతే ఏంటి గతి?

వదిన

*

మూడో అంతస్తు

వదినా,

అడిగారు.

కవరు మీద నా పేరు ఆయన చేతిరాతతో చూసి, తలుపు దగ్గరే మెట్ల మీద కూర్చుండిపోయాను. పెళ్ళయ్యాక ఇదే మొదటి ఉత్తరం. లోపల పెద్దగా ఏమీ లేదు. ఆయనకు రెండు దారులు ఇచ్చారట. ఇక్కడి ఆఫీసులో కుర్చీ, లేదా కింద పార్కు గేటు దగ్గర ఉద్యోగం. గేటు దగ్గర కుటుంబంతో ఉండడానికి క్వార్టరు ఉంటుంది, అక్కడి నుంచి నెలకోసారి పై లోయకు నడిచి వెళ్ళి కెమెరాలు చూసి రావాలి. ఫొటోలన్నీ ముందు చేరేది ఆ గేటుకే, కాబట్టి మచ్చలు చూసే మనిషికి అక్కడ బల్ల వేయించడం కష్టం కాదని ఆఫీసరు అన్నారట. ఏ కాగితం మీదా ఇంకా సంతకం పెట్టలేదు అని రాశారు. కింద, వేరే సిరాతో: "నీ పాదాల కొలత ఎంత?"

రెండోదాన్ని కూడా కట్టారు. కెమెరా సంగతి చెప్తున్నాను. కెమెరా కట్టిన మనిషి దాని ముందు నుంచి ఒకసారి నడిచి చూసుకోవడం పద్ధతి. ఆ ఫొటోలు నిన్న నా బల్ల మీదికి వచ్చాయి. ఒకదాంట్లో మీ తమ్ముడి ఎడమ పక్క, ఇంకోదాంట్లో కుడి పక్క. కుడి చెవి వెనక ఆయనకు ఒక మచ్చ ఉంది వదినా. మీకు తెలిసే ఉంటుంది. నాకు నిన్ననే తెలిసింది.

కాగితం తీశాను, నేల మీద పరిచాను, పెన్సిలు పట్టుకుని పాదం ఆనించాను. మళ్ళీ తీసేశాను. గది ఆ చివరి నుంచి ఈ చివరికి ఎన్నిసార్లు తిరిగానో. గేటు దగ్గర ఉండాలని నాకు ఉంది. ఆ ఏటి చప్పుడు చెవుల్లోంచి పోవడం లేదు. కానీ కాగితం మీద పాదాలు గీసి పంపితే మళ్ళీ ఆయన బల్ల మీద నేనొక బొమ్మనవుతాను. ఇన్నేళ్ళు ఆయన ఫొటోలుగానే నా బల్ల మీదికి వచ్చినట్టే.

అందుకని కొలతలు పంపలేదు. వచ్చి కొలుచుకోమన్నాను.

ఉత్తరం వేసి వచ్చినప్పటి నుంచి గుమ్మానికీ కిటికీకీ మధ్య నడుస్తున్నాను. ఆయన ఎందుకలా నడిచేవారో ఇప్పుడు కొంచెం తెలుస్తోంది.

మీ మరదలు

*

షాపు, గిరాకీ మధ్యలో

మరదలా,

ఇది నీకు చేరేలోపే వాడు చేరిపోతాడు. అయినా రాస్తున్నాను, కడుపులో దాచుకోవడం ఇక నా వల్ల కాదు.

ఇందాక వచ్చాడు. బస్సు దిగి నేరుగా, దుమ్ము కూడా దులుపుకోకుండా. కూర్చోమన్నాను, కూర్చోలేదు. టీ తెప్పిస్తానన్నాను, వద్దన్నాడు. షాపు ఆ మూల నుంచి ఈ మూలకు రెండుసార్లు నడిచి, గోడకు తగిలించిన పాదాలు కొలిచే పలక తీసి చంకలో పెట్టుకున్నాడు. ఎలా కొలవాలో చెప్పమన్నాడు. మడమ వెనక్కి ఆనించాలి, మనిషి నిలబడి ఉండాలి, రెండు పాదాలూ కొలవాలి అని చెప్పాను. తెలుసు అన్నాడు. ఏడుపు ఆపుకోలేక నేను లోపలికి వెళ్ళి వచ్చేసరికి వాడు లేడు.

ఆ పలక ఒక్కటే ఉంది నా దగ్గర. రేపటి నుంచి వచ్చినవాళ్ళకు కాగితం మీద గీసి కొలవాలి. పని అయ్యాక పంపండి. తొందరేం లేదు.

నీ వదిన